చెప్పులకు నంబరు అడుగుతారు, సైకిల్‌కు అడగరేం?

హాస్టల్ విద్యార్థులకు ఇచ్చే వస్తువులు రెండు రకాలు. పళ్లెం, గ్లాసు, దుప్పటి, పెట్టె ఎవరికిచ్చినా పనికొస్తాయి. చొక్కా, చెప్పులు అలా కాదు. మేము స్కూలు హాస్టళ్లలో ఉన్నప్పుడు యూనిఫాం కుట్టడానికి దర్జీ టేపు పట్టుకొని వచ్చేవాడు. చెప్పులిచ్చే ముందు నంబరు అడిగి రాసుకునేవారు. సైకిల్ ఈ రెండో రకం వస్తువని మా అభిప్రాయం. అందరూ మాత్రం దాన్ని పళ్లెం, గ్లాసుల లెక్కలో వేస్తున్నారు. దానివల్ల ఏం జరుగుతోందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాది పాతబస్తీలో శాలిబండ దగ్గరి కాలేజీ హాస్టల్ అని ఈ సంచిక చదివేవాళ్లకు తెలిసిందే. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా ఉన్నాం. ఎక్కువమందిమి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వికారాబాద్ జిల్లాల పల్లెల నుంచి వచ్చినవాళ్లం. సిటీ కాలేజీకి పోయేవాళ్లకు ఖిల్వత్, మూసాబౌలి మీదుగా రెండు మూడు కిలోమీటర్ల దారి. నడిస్తే అరగంట పైనే పడుతుంది. ఆటో రోజూ భరించలేం. 2023 డిసెంబరు 9 నుంచి అక్కాచెల్లెళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, సంతోషమే. మగపిల్లలకు మాత్రం పాసు డబ్బులు తప్పవు. పాసు ఉన్నా మదీనా దగ్గర బస్సు కదలాలి కదా! ఇలాంటి చోట సైకిల్ కంటే మంచి వాహనం లేదు. పెట్రోలు అక్కర్లేదు, ఏ గల్లీలోనైనా దూరుతుంది.

అందుకే నిరుడు ఒక దాతల సంఘంవారు మా హాస్టల్‌కు పదిహేను సైకిళ్లు ఇచ్చినప్పుడు చాలా సంతోషించాం. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది, ఇచ్చినవారి మనసు గొప్పదే. అన్నీ నల్లటి పెద్ద సైకిళ్లు, అన్నీ ఒకటే కొలత. దండలు వేశారు, ఫోటోలు తీశారు, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకున్నారు. మూడు నెలలు గడిచేసరికి వాటిలో సగానికి పైగా వంటగది వెనక గోడకు ఆనించి ఉన్నాయి. వచ్చిన పెద్దలు అవి చూసి, "ఫుకట్‌గా వచ్చిన వస్తువుకు విలువ ఉండదు" అన్నారు. కొందరు మమ్మల్ని బద్ధకస్తులన్నారు. ఈ మాటకే మా అభ్యంతరం.

ఎవరి సైకిళ్లు గోడకు చేరాయో మేము చూశాం. పొట్టివాళ్లవే అన్నీ. పొడుగు తమ్ముళ్లవి రోజూ కాలేజీకి పోయి వస్తూనే ఉన్నాయి. బద్ధకం మనిషి ఎత్తును బట్టి వస్తుందా?

టేపు తెచ్చి కొలిస్తే సంగతి బయటపడింది. ఆ నల్ల సైకిళ్లు 24 నంబరువి. ఈ నంబరు దగ్గరే కొత్తవాళ్లు చాలామంది మోసపోతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. నల్ల సైకిల్‌కు 22, 24 అని చెప్పేది ఫ్రేము కొలత. అంటే పెడళ్ల ఇరుసు నుంచి సీటు దిగే నిలువు గొట్టం పైఅంచు దాకా అన్ని అంగుళాలు. చక్రం మాత్రం రెంటికీ 28 అంగుళాలే. పిల్లల సైకిళ్లకు, లావు టైర్ల రేంజర్ సైకిళ్లకు 20, 24, 26 అని చెప్పేది చక్రం కొలత. కాబట్టి 26 రేంజర్ కంటే 24 నల్ల సైకిల్ చాలా ఎత్తు. దుకాణంలో "ఇరవైనాలుగు చాలు, ఇరవైయారు పెద్దదైపోతుంది" అనుకొని 24 నల్ల బండి కొన్నవాడి గతి ఏమిటో ఊహించుకోండి.

మా 24 బండికి నడిమి కడ్డీ నేల నుంచి దాదాపు 34 అంగుళాల ఎత్తున ఉంది. అయిదడుగుల రెండంగుళాలున్న మా ఇంటర్ తమ్ముడి కాలు, నేల నుంచి తొడల సందు దాకా, 29 అంగుళాలు. అతను కడ్డీకి అటు ఇటు కాళ్లు పెట్టి నిలబడలేడు. బండిని ఒక పక్కకు బాగా వంచితే తప్ప కాలు నేలకు అందదు. ఇక సీటు సంగతి. ఫ్రేము 24, దాని మీద సీటును ఎంత దించినా ఇంకో 3 అంగుళాలు, కింద పెడల్ క్రాంకు ఆరున్నర. కలిపితే 33న్నర అంగుళాలు. ఎంత దించినా సీటు నుంచి కింది పెడల్‌కు దూరం అంతకు తగ్గదు. 29 అంగుళాల కాలుకు ఉండాల్సింది 31న్నర. ఆ రెండంగుళాల కోసం అతను ప్రతి తొక్కుకూ నడుమును కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి జార్చాలి. మూసాబౌలి దాకా అలా పోయి రావడమంటే నడుము నొప్పి, తొడల రాపిడి, ఆటో అడ్డం వస్తే పడిపోవడం. వారం రోజులకు బండి గోడకు చేరకపోతే ఆశ్చర్యపోవాలి.

31న్నర అనే లెక్క మాది కాదు. 1967లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు సైకిల్ తొక్కేవాళ్లను పరీక్షించి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని నుంచి సీటు పైభాగం దాకా దూరం కాలు కొలతకు 109 శాతం ఉంటే మనిషి బలం బాగా పనికొస్తుందని తేల్చారు. ఆ తర్వాత వేరే లెక్కలూ వచ్చాయి, వాటి మధ్య తేడాలూ ఉన్నాయి. మనకు అంత సూక్ష్మం అక్కర్లేదు. గోడకు ఆనుకొని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకం పెట్టి గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయాలి. నేల నుంచి గీత దాకా కాలు కొలత. టేపు కూడా లేకపోతే ఇంకా సులువైన పద్ధతి ఉంది. ఒకరు బండిని పట్టుకోగా సీటు మీద నిటారుగా కూర్చొని, మడమను కింది పెడల్ మీద పెట్టాలి. కాలు సరిగ్గా చాపినట్టు ఉంటే సీటు ఎత్తు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండాల్సింది మడమ కాదు, వేళ్ల వెనక ఉండే పాదం ముందుభాగం. అప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఆ కొద్ది వంపే కావాలి.

ఇది చెప్పగానే తమ్ముళ్లందరూ ఒకే ప్రశ్న వేస్తారు: "అన్నా, అంత ఎత్తు పెడితే కాళ్లు కింద ఆనవు కదా?" నిజమే, ఆనవు. సరైన ఎత్తులో సీటు మీద కూర్చుంటే కాలి వేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి. బండి ఆపడం అంటే సీటు మీద కూర్చొని రెండు కాళ్లు ఆనించడం కాదు. సీటు మీంచి ముందుకు దిగి, కడ్డీకి అటు ఇటు నిలబడటం. ఇది ఎవరూ నేర్పరు. నేర్పకపోవడం వల్ల కొత్తవాళ్లందరూ సీటును పూర్తిగా దించేసి, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు తొక్కుతారు. నెల తిరిగేసరికి మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. పంచర్ దుకాణం దగ్గరికి పోయి, "భాయ్, సీట్ జరా ఊపర్ కర్దో" అంటే ఆయన మన వైపు చూసి, "గిర్ జాతే మియా" అంటాడు. ఆయన చెప్పేదాంట్లోనూ నిజం లేకపోలేదు. పత్తర్‌గట్టీ గుంపులో పది గజాలకోసారి కాలు కింద పెట్టాలి. అందుకే మేము చెప్పేదేమిటంటే, మొదటి రెండు వారాలు సీటు కిందికే ఉంచుకోండి, ఆదివారం ఖాళీ గల్లీలో సీటు దిగి నిలబడటం అలవాటు చేసుకోండి. తర్వాత వారానికి అర అంగుళం చొప్పున పెంచుకుంటూ పోండి. ఎక్కడ నడుము అటూ ఇటూ ఊగడం మొదలవుతుందో అక్కడ ఆపి, కాస్త దించండి.

నొప్పి ఎక్కడుందో చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు దిగువన ఉందనో, మరీ ముందుకు ఉందనో అనుమానించాలి. మోకాలి వెనక లాగితే సీటు ఎక్కువ ఎత్తు. చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే ఒళ్లు బరువంతా చేతుల మీద పడుతోందన్నమాట. అప్పుడు హ్యాండిల్ పైకి లేపాలి, లేదా సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూసుకోవాలి. సీటు మీద స్కేలు పెట్టి చూస్తే వాలు తెలిసిపోతుంది. కొత్తవాళ్లకు హ్యాండిల్ సీటుతో సమానంగానో ఇంకాస్త పైకో ఉంటే మంచిది. దీనికి కావలసింది ఒక పానా, ఒక చిన్న సుత్తి, సుత్తికి అడ్డం పెట్టడానికి ఒక చెక్కముక్క. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. సీటు పిన్ గానీ హ్యాండిల్ పిన్ గానీ గొట్టం లోపల కనీసం రెండున్నర అంగుళాలు ఉండాలి, అంతకంటే పైకి లాగితే తొక్కుతుండగానే ఊడి వస్తాయి.

పుస్తకాల సంచి గురించి కూడా ఒక మాట. వీపు మీద అయిదు కిలోలు మోస్తూ ముందుకు వంగితే ఎంత కొలిచి బిగించిన సీటైనా సుఖమివ్వదు. క్యారియర్ మీద పెట్టి పాత ట్యూబు ముక్కతో కట్టేయండి. డబుల్స్ గురించి చెప్పినా ఎలాగూ వినరు, వదిలేస్తున్నాం.

పెద్దలు కొందరు అనే మాట ఒకటుంది. "మా కాలంలో ఏ సైకిల్ దొరికితే అది తొక్కాం, నడి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుకుంటూ నేర్చుకున్నాం, మాకేం కాలేదు" అని. కైంచీ మాకూ తెలుసు. మాలో చాలామంది నాన్న సైకిల్ మీద అలాగే నేర్చుకున్నాం. అది నేర్చుకోవడానికి పనికొచ్చే విద్య, ఊరి చెరువు కట్ట మీద సరిపోయే విద్య. రోజూ లారీల మధ్య కాలేజీకి పోవడానికి కాదు. పెద్దలకు వేరే బండి లేక అలా తొక్కారు. గతిలేక చేసిన పనిని పద్ధతి అనుకోవడం మాకు న్యాయంగా కనిపించదు.

ఇంకొందరు 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో జరిగిన అక్షరాస్యతా ఉద్యమాన్ని గుర్తుచేయవచ్చు. అక్కడ వేలాది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు, చాలామంది మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. అవును. లేడీస్ సైకిళ్లు సరిపోను దొరక్కపోవడం ఒక కారణం, ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని ఇష్టపడటం ఇంకో కారణం. ఆ రెండో కారణం వాళ్లు తమ అవసరం చూసుకొని ఎంచుకున్నది. మేము అడిగేదీ ఆ ఎంపికే.

అసలు సైకిల్ పుట్టిన కొత్తలో కొలత లేకుండా అమ్మడం కుదిరేదే కాదు. 1870లలో ముందు చక్రం మనిషెత్తు, వెనక చక్రం చిన్నది ఉండే బండ్లు వచ్చాయి. వాటి పెడళ్లు ముందు చక్రానికే ఉండేవి. కాలు ఎంత పొడుగో చూసి అంత చక్రం ఇవ్వాల్సిందే. 1885లో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ పేరుతో గొలుసుతో నడిచే, రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండే బండి తెచ్చాక ఆ అవసరం తప్పింది. ఒక బండి పలురకాల ఎత్తుల వాళ్లు తొక్కగలిగారు. మంచిదే. కానీ "పలువురు" అనేది మెల్లగా "అందరూ" అయిపోయింది. ఇప్పుడు కొలత తీసే మర్యాద డబ్బున్న చోటే మిగిలింది. మన నగరంలోనే పడమటి వైపు, నార్సింగి దగ్గర అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. దాని మీద సోలార్ పలకల కప్పు కూడా ఉంది. అటువైపు ఖరీదైన సైకిల్ కొనేవాళ్లకు కాలు, చేయి, భుజం కొలిచి సీటు, హ్యాండిల్ సరిచేసి ఇస్తారు. దానికి బైక్ ఫిట్ అని పేరు. సరదాకు తొక్కేవారికి ఉన్న కొలత, అవసరానికి తొక్కేవారికి ఉండకూడదా? వాళ్ల మీద మాకు అసూయ లేదు. ఆ కప్పూ మాకు వద్దు, ఎండ అలవాటే. టేపు ఒక్కటి చాలు.

ప్రభుత్వాలు సైకిళ్లిచ్చిన తీరు చూసినా ఈ తేడా తెలుస్తుంది. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలు ఇచ్చే పథకం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి 2017లో ప్రచురించిన వ్యాసంలో, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని రాశారు. అంటే సైకిల్ అంత పని చేస్తుంది. తమిళనాడులోనూ, బడికొస్తా పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లోనూ డబ్బుకు బదులు సైకిలే ఇచ్చారు. డబ్బు ఇచ్చిన చోట ఏ కొలత బండి కొనాలో ఇంటివాళ్లు చూసుకోవచ్చు. డబ్బు ఇస్తే వేరే ఖర్చయిపోతుందని భయపడేవారి మాట కూడా కొట్టిపారేయలేం. అందుకే మేము డబ్బు ఇవ్వమని అడగడం లేదు. సైకిలే ఇవ్వండి, ఇచ్చే ముందు కొలవండి అంటున్నాం.

ఇక సొంతంగా కొనుక్కునే తమ్ముళ్లకు. అఫ్జల్‌గంజ్‌లో కొత్తవి కొనేవాళ్లు బండి మీద కూర్చొని చూడకుండా డబ్బు ఇవ్వకండి. జుమ్మేరాత్ బజార్‌లో గురువారం పాతవి చూసేవాళ్లు రంగు, బెల్లు, స్టిక్కర్లు చూడటం మాని, ముందు సీటు పిన్ బోల్టు విప్పి చూడండి. చాలా పాత బండ్లలో అది తుప్పుపట్టి గొట్టానికి అతుక్కుపోయి ఉంటుంది. కదలని సీటున్న బండి ఎంత చవకైనా, ఆ ఎత్తు మీకు సరిపోతేనే అది మీ బండి. రసీదు ఇవ్వనివాడి దగ్గర అసలే కొనకండి, రేపు పోలీసు స్టేషన్‌లో మాట్లాడాల్సింది మీరే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పొట్టివాళ్లకు 22 నంబరు ఇచ్చినా సీటు సరిపోతుంది గానీ నడిమి కడ్డీ ఇంకా ఎత్తుగానే ఉంటుంది. వాళ్లకు 20 నంబరు ఫ్రేము గానీ, కడ్డీ కిందికి దిగి ఉండే సైకిల్ గానీ కావాలి. ఈ రెండోదాన్ని లేడీస్ సైకిల్ అంటారు, అనగానే గదిలో నవ్వులు. కడ్డీ కిందికి ఉన్నది ఎక్కడానికి, దిగడానికి సులువని పెట్టిన ఏర్పాటు. సైకిళ్లకు పేరుపడ్డ నెదర్లాండ్స్‌లో మగవాళ్లు కూడా అలాంటివి తొక్కుతారు. మన తమ్ముడు దాని మీద కాలేజీకి సమయానికి చేరితే, నవ్వినవాడు బస్టాపులో నిలబడి నవ్వుకోవచ్చు.

మా హాస్టల్ కమిటీ తరఫున వార్డెన్ సారుకు, దాతలకు మనవి ఇది. ఈ ఏడాది ఇంకో పది సైకిళ్లు వస్తాయని విన్నాం. పేరు, తరగతి, సంతకం ఉండే ఆ రిజిస్టర్‌లో కాలు కొలత అని ఇంకో గడి గీయించండి. పదికి పది ఒకే నంబరు తేకుండా, ఆ గడి చూసి 20 ఎన్ని, 22 ఎన్ని, 24 ఎన్ని అని దుకాణంలో చెప్పండి. బండికో పానా ఇప్పించండి. గోడకు ఆనించి ఉన్న పాత బండ్లను కూడా దుకాణంవారు ఒప్పుకుంటే మార్పించండి. ఒప్పుకోకపోతే పక్క హాస్టల్‌లో పొడుగువాళ్లు ఉంటారు, వాళ్లతో మార్చుకుంటాం. ఉచితంగా ఇచ్చేదానికి కొలతలు కూడానా అని ఎవరైనా అంటే, తొక్కలేని బండికి పెట్టిన ఖర్చు ఎవరి లెక్కలో రాయాలో వారే చెప్పాలి.

స్టోర్ రూమ్ తలుపు వెనక గోడ మీద అంగుళాల గీతలు ఇప్పటికే గీసి పెట్టాం. ఇరవైమంది తమ్ముళ్ల కొలతలు అయ్యాయి, మిగిలినవాళ్లు ఆదివారం టిఫిన్ అయ్యాక చెప్పులు విప్పి, ఒక అట్ట పుస్తకం తీసుకొని రండి. లావు పుస్తకం అక్కర్లేదు.